ఫ్లోరైడ్ ఖాతాలో రాసేసిన నడుం నొప్పులు

నల్లగొండ జిల్లాలో అరవై దాటిన మనిషి నడుం పట్టుకున్నాడంటే కారణం అడిగేవారు ఉండరు. ఫ్లోరైడ్ అనేస్తారు. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపైతే ఆ మాట కూడా అనరు, తల ఊపి ఊరుకుంటారు. పక్కన పాలమూరులో ఇదే నొప్పికి ఇంకో కారణం సిద్ధంగా ఉంటుంది. బొంబాయిలో, పుణెలో తట్టలు మోసిన ఒళ్లు, నొప్పి పుట్టక ఏమవుతుంది అంటారు. ఈ రెండూ అబద్ధాలు కావు. నాకు వాటి మీద కోపం అందుకే. పచ్చి అబద్ధాన్ని ఎవరో ఒకరు పట్టుకుంటారు. పదిసార్లలో తొమ్మిదిసార్లు నిజమయ్యే మాటను పదోసారి ఎవరూ తిరగేసి చూడరు. ఆ పదోవాడి ఎముకల్లో ఉన్నది మగవాళ్లకు వచ్చే ప్రోస్టేట్ గ్రంథి క్యాన్సర్ అయితే, మా జిల్లాలో దానికి దొరికినంత మంచి చాటు ఇంకెక్కడా దొరకదు.

నేను డాక్టర్ను కాను. ఎక్స్‌రే టెక్నీషియన్ను. చీకటి గదిలో ఫిల్మును తొట్టిలో ముంచి, క్లిప్పులకు వేలాడదీసి ఆరబెట్టిన కాలం నుంచి కంప్యూటర్ తెర మీద బొమ్మ పడే కాలం దాకా ఈ జిల్లా నడుములు నా చేతుల మీదుగా వెళ్లాయి. జబ్బు ఇదీ అని చెప్పే అధికారం నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఎముక ఫిల్ము మీద ఎలా పడుతుందో మాత్రం తెలుసు. నా వాదనంతా అక్కడి నుంచే మొదలవుతుంది.

ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీళ్లు ఏళ్ల తరబడి తాగిన మనిషి ఎముక ఎక్స్‌రేలో మామూలు కన్నా తెల్లగా పడుతుంది. ఎముక చిక్కబడుతుంది. వెన్నుపూసలను పట్టి ఉంచే స్నాయువులు గట్టిపడి తామే ఎముకల్లా తయారవుతాయి. మెడ తిరగదు, నడుం వంగదు. ముంజేతిలో రెండు ఎముకల మధ్య ఉండే పలుచటి పొర కూడా గట్టిపడి ఫిల్ములో కనబడుతుంది. పాతకాలపు డాక్టర్లు నడుం ఫిల్ముతోపాటు ముంజేతి ఫిల్ము కూడా తీయమని రాసేది ఇందుకే. ముంజేతిలో ఆ గీత కనబడితే ఫ్లోరోసిస్ అని చాలావరకు తేలిపోతుంది. ఇప్పుడు ఆ అలవాటు తగ్గింది. ముంజేతి ఫిల్ము అడిగే చీటీ చూస్తే నాకు ఆ డాక్టరు మీద గౌరవం పుట్టుకొస్తుంది.

ఇక క్యాన్సర్ సంగతి. ఎముకకు చేరే చాలా క్యాన్సర్లు ఎముకను తొలిచేస్తాయి. ఫిల్ములో నల్లటి గుంటలు పడతాయి, ఎవరికైనా అనుమానం వస్తుంది. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎక్కువగా దీనికి విరుద్ధంగా పోతుంది. అది చేరిన చోట ఎముక ఒక పద్ధతి లేకుండా కొత్తగా పెరుగుతుంది, కాబట్టి తెల్లగా పడుతుంది. మొదట కటి ఎముకలోనో నడుం పూసల్లోనో అక్కడక్కడా తెల్లటి మచ్చలు. ముదిరితే మచ్చలన్నీ కలిసిపోయి ఎముకంతా తెల్లబడుతుంది. అలాంటి ఫిల్మును ముదిరిన ఫ్లోరోసిస్ ఫిల్ము పక్కన పెడితే అనుభవం ఉన్న రేడియాలజిస్టు కూడా కాసేపు ఆగి ఆలోచించాల్సిందే. రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము రెండు జబ్బుల్లోనూ పెరగవచ్చు. బోన్ స్కాన్‌లో ఎముకలు రెండింట్లోనూ వెలగవచ్చు. నీళ్లు బాగున్న జిల్లాలో పనిచేసే డాక్టరుకు తెల్లటి వెన్నెముక చూడగానే ముందు క్యాన్సరే గుర్తుకొస్తుంది. మా దగ్గర చూసేవారి చూపు ముందు నీళ్ల మీదికి పోతుంది.

వయసు లెక్క కూడా ఇక్కడ అడ్డంగా కలిసింది. మిషన్ భగీరథ 2016లో మొదలై కృష్ణా నీళ్లు ఊళ్లకు చేరాక పుట్టిన పిల్లలకు ఈ ఎముకల బాధ తెలియదు. నలభై యాభై ఏళ్లు బావినీళ్లు, బోరునీళ్లు తాగినవాళ్లు ఇప్పుడు అరవై అయిదు, డెబ్బై దాటారు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎక్కువగా వచ్చే వయసూ సరిగ్గా అదే. ఫ్లోరైడ్ వల్ల ఈ క్యాన్సర్ వస్తుందా అని చాలామంది అడుగుతారు. అలాంటి రుజువేమీ లేదు. ఒకటి ఇంకొకదానికి కారణం కానక్కర్లేదు, రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు. ఫ్లోరోసిస్ ఉన్నవాడికి క్యాన్సర్ రాదని ఏ నీళ్లూ హామీ ఇవ్వలేదు కదా.

మా పెద్దనాన్నది మర్రిగూడ దగ్గరి ఊరు. నడుం నొప్పి వచ్చినప్పుడు ఆయన కూడా ఊరి మాటే అన్నాడు. "నీళ్ల నొప్పులే బిడ్డా, మా తరానికి రాసిపెట్టి ఉంది." ఊళ్లో ఆర్‌ఎంపీ సూదులు వేశాడు. నొప్పి మాత్రలు సరుకుల చీటీలో చేరాయి. పట్టణంలో ఒక క్లినిక్‌లో ఫిల్ము తీశారు, కాగితం మీద ఫ్లోరోసిస్ మార్పులు అని రాశారు, నూనె రాసుకోమన్నారు. రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తున్నాడంటే వేడి చేసిందన్నారు. తాటికల్లు తాగితే ధారగా వస్తుందని ఊరంతా సలహా ఇచ్చింది. ఈ సలహాను ఆయన మాత్రం సంతోషంగా పాటించాడు. చివరికి ఒకరోజు మూత్రం పూర్తిగా ఆగిపోయింది. పైపు వేయించడానికి తీసుకెళ్తే అక్కడున్న కుర్ర డాక్టరు మలద్వారం నుంచి వేలితో పరీక్ష చేశాడు, ప్రోస్టేట్ గ్రంథి రాయిలా తగులుతోందని పీఎస్ఏ అనే రక్తపరీక్ష రాశాడు. ఫలితం వందల్లో వచ్చింది. తర్వాత ఆ పాత ఫిల్మును నేను వెలుతురుకు పెట్టి చూశాను. వెన్నెముక మీద ఫ్లోరైడ్ మార్పులు ఉన్నమాట నిజమే. కటి ఎముకలో కుడివైపు విడివిడిగా మచ్చలు కూడా ఉన్నాయి. వెన్నెముకను చూసిన కళ్లు అక్కడిదాకా దిగలేదు.

ఆయన నొప్పిలో ఒక తేడా ఉండేది, ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ డాక్టరుకు చెప్పలేదు. ఆ నొప్పి పడుకుంటే తగ్గేది కాదు. రాత్రిళ్లు నిద్ర లేపేది. పని చేస్తే పెరిగి, విశ్రాంతితో తగ్గే నొప్పి ఒక రకం. విశ్రాంతిలోనూ విడవకుండా వారాల తరబడి పెరుగుతూ పోయే నొప్పి వేరు. దానికి తోడు బరువు తగ్గుతుంటే, ఆకలి పోతుంటే, ఫ్లోరైడ్ అన్న మాటతో ఊరుకోకూడదు.

ప్రోస్టేట్ మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉండే చిన్న గ్రంథి. వయసులో ఉన్నవాడిలో 20 గ్రాముల బరువుంటుంది. వీర్యంలో కలిసే ద్రవంలో కొంత భాగం దానిదే. వయసు మీద పడితే దాని లోపలి భాగం ఉబ్బి మూత్రనాళాన్ని నొక్కుతుంది. ధార సన్నబడటం, ఆగి ఆగి రావడం, రాత్రి లేవడం ఎక్కువగా దీనివల్లే. ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు కూడా. క్యాన్సర్ ఎక్కువగా గ్రంథి బయటి అంచులో పుడుతుంది. అందువల్ల మొదట్లో మూత్రానికి ఏ అడ్డమూ ఉండకపోవచ్చు. మూత్రం సాఫీగా వస్తోంది కాబట్టి ప్రోస్టేట్ బాగుందని అనుకోవడానికి లేదు. ధార సన్నబడింది కాబట్టి క్యాన్సరే అని బెంబేలెత్తడానికీ లేదు. తండ్రికో అన్నదమ్ములకో ఈ క్యాన్సర్ ఉంటే మాత్రం మనకు వచ్చే అవకాశం దాదాపు రెండింతలు.

ఇక పీఎస్ఏ. ప్రోస్టేట్ తయారుచేసే ఒక ప్రోటీన్‌ను రక్తంలో కొలిచే పరీక్ష ఇది. కొన్ని వందల రూపాయలతో అయిపోతుంది, నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ చేస్తారు. మామూలుగా 4 దాటితే ఎక్కువ అంటారు. కానీ గ్రంథి ఉబ్బినా, ఇన్ఫెక్షన్ వచ్చినా, మూత్రం బిగిసినా, పైపు వేసినా అది పెరుగుతుంది. గ్రంథి వాపుకు వాడే ఫినాస్టెరైడ్, డుటాస్టెరైడ్ మాత్రలు కొన్ని నెలలు వాడితే అంకె సగానికి పడిపోతుంది, కాబట్టి అవి వాడుతున్నామని డాక్టరుకు చెప్పి తీరాలి. ఫ్లోరోసిస్ ఉన్నంత మాత్రాన పీఎస్ఏ పెరగదు. నాకు కావలసింది ఈ ఒక్క ముక్కే. ఫిల్ము చెప్పలేని తేడాను ఒక సీసా రక్తం చాలావరకు చెబుతుంది.

ఇక్కడ నామీద ఎగబడేవారు ఉంటారని తెలుసు. పీఎస్ఏ పనికిరాని పరీక్ష అని చదివినవాళ్లు. వాళ్లు చదివింది కూడా ఊరికే రాసింది కాదు. 1970లో ప్రోస్టేట్‌కు సంబంధించిన యాంటిజెన్‌ను గుర్తించిన రిచర్డ్ అబ్లినే 2010లో న్యూయార్క్ టైమ్స్‌లో వ్యాసం రాసి, ఏ లక్షణమూ లేని మగవాళ్లందరికీ ఈ పరీక్ష చేయడాన్ని తిట్టిపోశాడు. అమెరికాలో 2012లో ప్రభుత్వ నిపుణుల బృందం అందరికీ చేయవద్దని చెప్పింది. 2018లో మాట కొంత సడలించి, 55 నుంచి 69 ఏళ్లవాళ్లు డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలని, 70 దాటినవాళ్లకు వద్దని చెప్పింది. యూరప్‌లో లక్షా అరవై వేలకు పైగా మగవాళ్లను 23 ఏళ్లపాటు గమనించిన అధ్యయనం ఫలితాలు 2025లో వచ్చాయి. పరీక్షకు పిలిచినవారిలో ఈ క్యాన్సర్ మరణాలు 13 శాతం తగ్గాయి. ఒక చావును తప్పించడానికి 456 మందిని పరీక్షకు పిలవాల్సి వచ్చింది. లాభం ఉంది, చిన్నది. దాని వెంట బోలెడు అనవసరపు బయాప్సీలూ (ముక్క తీసి చేసే పరీక్షలు) ఆపరేషన్లూ ఉన్నాయి.

ఆ వాదనంతా ఒంట్లో ఏ బాధా లేనివాడి గురించి. నేను మాట్లాడుతున్నది నొప్పితో నిద్ర పట్టనివాడి గురించి. ఏ బాధా లేనివాళ్లకు చేసే పరీక్షను స్క్రీనింగ్ అంటారు, లక్షణం ఉన్నవాడికి చేయడాన్ని అలా అనరు. ఈ రెండింటినీ కలిపేయడం వల్ల మన దగ్గర తమాషా అన్యాయం ఒకటి నడుస్తోంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు పుట్టినరోజు కానుకగా హెల్త్ చెకప్ ప్యాకేజీ కొంటాడు, ఏ బాధా లేని డెబ్బై అయిదేళ్ల తండ్రికి పీఎస్ఏ 5 వస్తుంది, ఇంటిల్లిపాదికీ నిద్ర పోతుంది. మర్రిగూడలో నడుం విరుగుతున్నవాడికి ఆ పరీక్ష పేరే ఎవరూ చెప్పరు. పరీక్ష అవసరం లేని ఇంటికి వెళ్తోంది, అవసరమున్న ఇంటికి వెళ్లడం లేదు.

చెకప్‌లో బయటపడ్డవాళ్లకూ ఒక మాట చెప్పాలి, వాళ్లూ మనవాళ్లే. క్యాన్సర్ అనగానే రేపే కోయించేయాలి అనే తొందర ఈ జబ్బులో చాలాసార్లు అనవసరం. ముక్క పరీక్ష చేశాక కణాల తీరు చూసి గ్లీసన్ స్కోరు వేస్తారు. మిన్నెసోటా పాథాలజిస్టు డొనాల్డ్ గ్లీసన్ 1960లలో మొదలుపెట్టిన పద్ధతి అది. ఇప్పటి లెక్కలో 6 అంటే నెమ్మదైనది, 8 నుంచి 10 అంటే దూకుడైనది. బ్రిటన్‌లో గ్రంథి దాటని క్యాన్సర్ ఉన్న 1,643 మందిని మూడు గుంపులు చేసి, ఒక గుంపుకు ఆపరేషన్, ఒకదానికి కరెంటు (రేడియేషన్), మూడోదానికి గమనిస్తూ ఉండటం మాత్రమే చేశారు. పదిహేనేళ్ల తర్వాత, 2023లో లెక్క తేల్చితే ఈ క్యాన్సర్‌తో చనిపోయినవారు ఆపరేషన్ గుంపులో 2.2 శాతం, కరెంటు పెట్టిన గుంపులో 2.9, గమనించిన గుంపులో 3.1. గమనించిన గుంపులో క్యాన్సర్ పాకడం ఎక్కువే, అందులో సగం మందికి పైగా తర్వాత ఏదో ఒక చికిత్స తీసుకున్నారు. అయినా ప్రాణం దగ్గర తేడా అంతే. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో మూత్రం పట్టు తప్పడం, సంసార జీవితం దెబ్బతినడం ఎక్కువ. ముక్క తీస్తే జబ్బు ఒళ్లంతా పాకుతుందని మా వైపు గట్టి నమ్మకం. ఆ భయంతో పరీక్ష మానుకున్నవాళ్లను చూశాను. దానికి ఆధారం లేదు. ఇప్పుడు ముందు ఎంఆర్ఐ తీసి, అనుమానం ఉన్నచోటే సూది గుచ్చే పద్ధతి పెరిగింది.

ఎముకలకు చేరాక వైద్యం దారి మారుతుంది. ఇది పూర్తిగా నయమయ్యే దశ కాదు, కానీ చేతులెత్తేసే దశ కూడా కాదు. ఊళ్లో ఈ రెండో సగం ఎవరికీ తెలియదు. చార్లెస్ హగిన్స్ అనే సర్జన్ 1941లో ఈ క్యాన్సర్ మగ హార్మోను మీద బతుకుతుందని, అది ఆపితే కుంగిపోతుందని చూపించాడు. 1966లో ఆయనకు నోబెల్ ఇచ్చారు. ఇన్నేళ్లయినా చికిత్సకు పునాది అదే. హార్మోను ఆపడానికి రెండు మార్గాలు. నెలకోసారో మూడు నెలలకోసారో సూది వేయించుకుంటూ పోవడం, లేదా చిన్న ఆపరేషన్‌తో వృషణాలు తీసేయడం. పని చేయడంలో రెండూ సమానం. సూదికి ఎప్పటికప్పుడు డబ్బు కావాలి, తేదీ తప్పకూడదు. ఆపరేషన్ ఒక్కసారితో అయిపోతుంది.

పెద్దనాన్న ఆపరేషన్ మాట వినగానే అన్నాడు. "ఎద్దుకు చేసినట్టు నాకు చేస్తారా?" గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆయన కొడుకులు సూదికే మొగ్గారు, ఆయన పరువు కోసం. నేను ఆ పరువును తక్కువ చేయను. డెబ్బై ఏళ్ల రైతుకు తన ఒంటి మీద చివరి మాట తనదే కావాలి. కానీ ఆయనకు చెప్పాల్సిన సంగతి ఒకటి మిగిలిపోయింది. సూది వేసినా ఆపరేషన్ చేసినా హార్మోను ఒకేలా పడిపోతుంది. వేడి ఆవిర్లు, నీరసం, కండ కరగడం, ఎముక పలచబడటం, కోరిక పోవడం రెండింట్లోనూ వస్తాయి. సూదితో మగతనం మిగులుతుందని అనుకుని అప్పు చేసే కుటుంబాలు ఉన్నాయి, ఆ లెక్క తప్పు. ఈ మాట విన్నాక పెద్దనాన్న రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, తర్వాత ఆపరేషనే చేయించుకుంటానన్నాడు. పెద్దమ్మ తప్ప ఇంట్లో ఎవరూ ఊహించలేదు.

హార్మోను ఆపడంతోనే వదిలేయకుండా మొదట్లోనే అబిరాటెరోన్ మాత్రలు ప్రెడ్నిసోలోన్‌తో కలిపి ఇస్తే ఆయుష్షు పెరుగుతుందని 2017లో రెండు పెద్ద అధ్యయనాలు చూపించాయి. అందులో లాటిట్యూడ్ అనే దాంట్లో జబ్బు ముదిరి ఎముకలకు చేరినవాళ్ల సగటు బతుకు 36.5 నెలల నుంచి 53.3 నెలలకు పెరిగింది. దాదాపు ఏడాదిన్నర. మనవరాలి పెళ్లి చూడటానికీ చూడకుండా పోవడానికీ మధ్య ఉండే ఏడాదిన్నర అది, దాన్ని నెలలుగా చూసి చిన్నది అనకండి. మన దేశంలోనే తయారయ్యే మాత్రలు వచ్చాక ధర బాగా దిగింది. మామూలు మోతాదులో ఈ మాత్రను పరగడుపునే వేసుకోవాలి, తిండితో వేసుకుంటే ఒంట్లోకి ఎక్కే మందు చాలా రెట్లు పెరుగుతుంది. అన్నం తిన్నాక వేసుకోండి అని అలవాటుగా చెప్పే మందుల షాపు మాట ఇక్కడ వినకూడదు. బలం ఉన్నవాళ్లకు డోసిటాక్సెల్ కీమో కూడా ఉంది.

ఖర్చు సంగతికొస్తే, ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెరిగింది, క్యాన్సర్ చికిత్స అందులో ఉంది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. నొప్పి తగ్గించే విభాగం, నోటితో తీసుకునే మార్ఫిన్ కూడా అక్కడ ఉన్నాయి. మార్ఫిన్ అంటే చావు దగ్గరపడిందని కాదు, నొప్పి ఆ స్థాయిలో ఉందని. ఎముక నొప్పికి కరెంటు పెట్టించాలంటే రెండు మూడు వారాలు నగరంలో ఎక్కడ ఉండాలి అని చాలామంది వెనక్కి తగ్గుతారు. నొప్పి కోసమే అయితే చాలామందికి 8 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ కొలత) ఒకే మోతాదు, అంటే ఒకే పూట కరెంటు, పదిరోజుల కరెంటుతో సమానంగా పనిచేస్తుంది. డాక్టరును ఈ మాట అడగండి. పొద్దున బస్సెక్కి రాత్రికి ఇల్లు చేరవచ్చు.

నాకు కావలసింది పెద్ద పథకమేమీ కాదు. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. యాభై దాటిన మగవాడు వారాల తరబడి తగ్గని నడుం నొప్పితో వస్తే, ఫ్లోరోసిస్ అని కాగితం మీద రాసేముందు మూత్రం గురించి అడగాలి, ముంజేతి ఫిల్ము తీయాలి, పీఎస్ఏ పంపాలి. ఫ్లోరోసిస్ శిబిరాల్లో కూడా ఇదే పద్ధతి పెట్టాలి. నాకు తెలిసిన ఒక డాక్టరు దీనికి అభ్యంతరం చెప్పాడు. ముసలివాళ్లలో సగం మందికి గ్రంథి ఉబ్బి ఉంటుంది, పీఎస్ఏ కొద్దిగా పెరిగి వస్తుంది, అందరినీ హైదరాబాద్ తరుముతామా అన్నాడు. మంచి ప్రశ్నే. కానీ ఎముకల్లో నొప్పి పుట్టించేంత పాకిన ప్రోస్టేట్ క్యాన్సర్‌లో అంకె సాధారణంగా కొద్దిగా పెరిగి ఆగదు. 7 వచ్చినవాడికి కొన్ని వారాలాగి మళ్లీ చేయవచ్చు, అతని నొప్పికి కారణం నిజంగానే నీళ్లు కావచ్చు. 400 వచ్చినవాడిని ఆపకూడదు.

ఒక్క పరిస్థితిలో మాత్రం పీఎస్ఏ ఫలితం కోసం కూడా ఆగకూడదు. నడుం నొప్పి ఉన్న మనిషికి ఉన్నట్టుండి కాళ్లు తేలిపోతున్నా, తొడల మధ్య మొద్దుబారినా, మూత్రం, విరేచనం తెలియకుండా పోతున్నా వెన్నుపాము నొక్కుకుపోతోందని అర్థం. క్యాన్సర్ వల్లా అవుతుంది, ముదిరిన ఫ్లోరోసిస్ వల్లా అవుతుంది, ఎంఆర్ఐ తీస్తే తప్ప తేలదు. క్యాన్సర్ అయితే వెంటనే స్టెరాయిడ్ ఇచ్చి, కరెంటు పెట్టడమో ఆపరేషనో చేస్తారు. నడవగలిగే స్థితిలో చికిత్స మొదలైనవాళ్లలో ఎక్కువమంది తర్వాత కూడా నడుస్తారు. కాళ్లు పూర్తిగా పడిపోయి రోజులు గడిచాక వెళ్లినవాళ్లలో తిరిగి లేచేవాళ్లు తక్కువ. పండగ అయ్యాక చూద్దామని, పెద్దకొడుకు దుబాయి నుంచి వచ్చాక చూద్దామని అనకుండా ఆ రాత్రే 108కి ఫోన్ చేయండి.